లారీ కమాన్ పట్టీతో చేయించుకున్న బుష్‌క్రాఫ్ట్ కత్తి: ఏడాది పైగా వాడాక

ముందే చెప్పేస్తున్నా, కత్తి బాగుంది. కానీ కొలిమి దగ్గర నా చేతికిచ్చిన రోజున అది సగం కత్తే. మిగతా సగం ఆ తర్వాత తయారైంది. చేత్తో చేసిన కత్తి కొనాలనుకునేవాళ్లు మొదట ఉక్కు గురించే అడుగుతారు. ఏ రకం, ఎంత గట్టిది, ఎక్కడిది అని. ఏడాది పైగా వాడాక నాకు ఉక్కు మీద ఒక్క ఫిర్యాదూ లేదు. తలనొప్పి అంతా అంచు వెనకున్న మందం దగ్గరే వచ్చింది. అది సరిచేశాక దొరికిన సుఖమూ అక్కడిదే.

సంగతి తెలియనివాళ్ల కోసం: బుష్‌క్రాఫ్ట్ కత్తి అంటే వేట కత్తి కాదు, సినిమాల్లో కనిపించే రంపపు పళ్ల కత్తీ కాదు. నాలుగు, నాలుగున్నర అంగుళాల బ్లేడు ఉంటుంది. పొయ్యికి చితుకులు చెక్కుకోవడం, టెంటుకి మేకులు చేసుకోవడం, వెదురు చీల్చడం, ఉల్లిపాయ తరగడం లాంటి పనులన్నీ ఒక్క కత్తితో కానిచ్చుకోవాలని దాని ఉద్దేశం. ఇప్పుడు ఎక్కువమంది వాడే రూపం స్వీడన్, ఫిన్లాండ్ లాంటి చోట్ల పల్లెవాళ్ల పనికత్తుల నుంచి వచ్చింది. అక్కడ వాళ్లు కోసేది పైన్, స్ప్రూస్, బిర్చ్. మన తుమ్మ పక్కన పెడితే అవన్నీ మెత్తటి కట్టెలే.

నా కత్తిని వికారాబాద్ వైపు ఒక పల్లెలో కమ్మరి పెద్దాయన చేశాడు. గొడ్డళ్లు, పారలు చేయడం, గడ్డపార మొన సాగగొట్టడం, తొలకరి ముందు కర్రులు, ఇదీ ఆయన పని. నేను కాగితం మీద గీసుకెళ్లిన బొమ్మ చూసి, "గిది గొడ్డలి గాదు, కూరగాయల కత్తి గాదు. ఏం జేస్తవ్ సారూ దీంతోని?" అన్నాడు. చెప్పాను. "అయితే జర మందంగనే జేస్త. ఇరగకుంట ఉంటది" అన్నాడు. ఈ కత్తి గుణమూ దోషమూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి.

ఉక్కు పాత లారీ కమాన్ పట్టీది, అంటే లారీ కింద బరువు మోసే స్ప్రింగు పట్టీది. వీటిలో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. రకాన్ని బట్టి సిలికాన్, మాంగనీస్, క్రోమియం తోడవుతాయి. లోడు మీద వంగుతూ లేస్తూ ఏళ్ల తరబడి ఉండాల్సిన ఉక్కు కాబట్టి దెబ్బకి బాగా తట్టుకుంటుంది. ఒకటే భయం, బాగా తిరిగిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. పెద్దాయన పట్టీని తాడుకి వేలాడదీసి సుత్తితో తట్టి, చప్పుడు విని, ఒకదాన్ని పక్కన పడేసి ఇంకోటి తీశాడు. అందులో కూడా నడిమి ముక్క వదిలేసి, లోడు తక్కువ పడే చివరి ముక్క కోశాడు. ఇలాంటి చోట నేను నోరు మూసుకుని కూర్చోవడమే మంచిది.

నోరు తెరిచింది ఒక్కసారే. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచబోతుంటే నూనె వాడమని అడిగాను. ఈ రకం ఉక్కు నీళ్లలో గభాల్న చల్లారితే పగిలే ప్రమాదం ఉంది, నూనె నిదానంగా చల్లారుస్తుంది. ఎప్పుడు ముంచాలో చెప్పడానికి ఆయనకి రంగు చాలు. నాకు ఆ కన్ను లేదు కాబట్టి అయస్కాంతం పట్టుకెళ్లాను. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, ముంచాల్సింది దానికి కాస్త పైన. ఆయన "ఇగ సాలు" అనడమూ అయస్కాంతం జారిపోవడమూ దాదాపు ఒకేసారి జరిగాయి. చల్లారాక ఆకురాయితో గీకితే పట్టు దొరక్కుండా జారింది, అంటే గట్టిపడ్డట్టే. తర్వాత ఇంట్లో ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాను. ఆ పని చేయకపోతే అంచు పెళుసుగా మిగిలిపోయి, ముడి తగిలిన చోటల్లా పెచ్చులూడుతుంది.

బ్లేడు నాలుగున్నర అంగుళాలు, మందం 4 మిల్లీమీటర్లు. పిడి చివరిదాకా ఉక్కు ఒకే ముక్క. తూకం 220 గ్రాముల చుట్టుపక్కల. కూలీ, తుమ్మ చెక్క పిడీ అన్నీ కలిపి 1,500 రూపాయలు ఇచ్చాను.

ఇక అసలు విషయం. చేతికొచ్చినప్పుడు అంచు వాలు, అంటే బ్లేడు పూర్తి మందం నుంచి పదును దాకా ఏటవాలుగా దిగే భాగం, 8 మిల్లీమీటర్లు ఉంది. 4 మిల్లీమీటర్ల మందం 8 మిల్లీమీటర్లలో అంచుకి దిగిందంటే, రెండు వైపులా కలిపి కోణం 28 డిగ్రీల దాకా ఉన్నట్టు. చేతి మీద వెంట్రుకలు గొరిగేంత పదును ఉంది, కట్టెలోకి మాత్రం దిగదు. పుల్ల చెక్కబోతే సన్నటి పొట్టు లేవాల్సింది పోయి తుంపులు తుంపులుగా ఎగిరేది. మణికట్టు నొప్పి వేరే. పదును వేరు, కోత వేరు. ఎంత నూరినా ఆ మందం అంచు వెనకాల తోసుకుంటూనే ఉంటుంది.

తెలిసినవాళ్ల వర్క్‌షాప్‌లో బెల్ట్ గ్రైండర్ మీద, వేడెక్కకుండా క్షణక్షణం నీళ్లలో ముంచుతూ, వాలుని 10 మిల్లీమీటర్ల దాకా వెనక్కి తీసుకెళ్లాను. కోణం 23 డిగ్రీలకి దిగింది. కంటితో చూస్తే పెద్ద తేడా ఏమీ తెలియదు. వేప కొమ్మ మీద పెట్టి లాగితే మాత్రం పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. అగ్గి రాజేయడానికి పుల్ల చివర కుచ్చులాగా చెక్కుతారు చూడండి, పొట్టు తెగిపోకుండా పుల్లకే అంటుకుని ఉండాలి. అది మొదటిసారి సవ్యంగా వచ్చింది.

ఆ మురిపెం సర్కారు తుమ్మ దాకానే. బాగా ఎండిన తుమ్మ ముడి మీద బలంగా ఒత్తేసరికి అంచు రెండు చోట్ల పక్కకి మడత పడింది. పైన్ చెక్కేవాళ్లకి చాలిన కోణం మనకి అన్నిటికీ చాలదు. మన మెట్ట నేలల్లో దొరికే కట్టె గట్టిది, పైగా ఎండకి ఎండి ఇంకా బిగుసుకుపోయి ఉంటుంది. దీనికి మందు చిన్నదే. వాలు అంతా అలాగే ఉంచి, కొసన వెంట్రుకవాసి మేర మాత్రం ఇంకాస్త నిటారుగా, 1000 నంబరు రాయి మీద నాలుగు రుద్దులు రుద్దడం. మైక్రో బెవెల్ అంటారు దీన్ని. చెక్కే సుఖం కొద్దిగా తగ్గింది, అంచు మడత పడటం ఆగిపోయింది. అప్పటి నుంచీ అలాగే వాడుతున్నాను. మన వైపు వాడేవాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే.

వెదురు విషయం వేరు. మారేడుమిల్లి వెళ్లినప్పుడు బొంగు చికెన్ కోసం కొన్న వెదురుతోనే చెంచాలు, కబాబ్ పుల్లలు చేసుకున్నాం. నారబాట పట్టి చీల్చడానికి ఇంత కన్నా మంచి కత్తి అక్కర్లేదు. ఒక చోట గాటు పెట్టి చిన్న దుడ్డుతో తడితే చాలు, పటపటమంటూ కింది దాకా పోతుంది. అయితే వెదురులో సిలికా ఉంటుంది. అంచుకి గంట్లు పడవు గానీ, సాయంత్రమయ్యేసరికి కత్తి మొద్దుబారి టమాటా తొక్క మీద జారుతుంది.

పెద్దాయన మందంగా చేసింది కూడా వృథా పోలేదు. వానాకాలంలో బయట వండుకోవాలంటే పై పొరలన్నీ తడిసిన కట్టే దిక్కు. దాన్ని నిలబెట్టి, కత్తి పెట్టి, వెన్ను మీద దుడ్డుతో కొట్టి చీలిస్తే లోపల పొడి చెక్క దొరుకుతుంది. మణికట్టు లావు కట్టె దాకా ఈ కత్తి ఏ జంకూ లేకుండా దిగుతుంది. సన్నటి కత్తితో ఆ పని చేయడానికి నాకు చేతులు రావు. ఫెర్రో రాడ్ (గీకితే నిప్పురవ్వలు రాల్చే కడ్డీ) గీకడానికి వెన్ను అంచు చదరంగా, గరుకుగా ఉండాలి. ఈయన చేతికి గుచ్చుకోకూడదని గుండ్రంగా నునుపు చేసిచ్చాడు. మొన వైపు సగం మాత్రం చదరం చేయించి, బొటనవేలు ఆనే వైపు సగం అలాగే ఉంచుకున్నాను. బూరుగు దూది మీద నిప్పురవ్వ పడితే క్షణంలో అందుకుంటుంది. కొబ్బరి పీచు బాగా ఎండి ఉండాలి, లేకపోతే పొగే.

తాటికాయ దగ్గర మాత్రం పరువు పోయింది. వేసవిలో ముంజలు కొడదామని దీన్నే తీశాను. 220 గ్రాముల కత్తికి ఆ పీచులోకి దిగే బరువెక్కడిది? తోట చూసుకునే అన్న కాసేపు చూసి, తన కత్తి తెచ్చి మూడు వేట్లలో పని ముగించాడు. కొబ్బరి బొండాం, కంప కొట్టడం, దారికి అడ్డొచ్చిన లంటానా పొదలు, ఇవన్నీ కూడా బరువు కత్తి పనులే. ఈ చిన్న కత్తి ఒక్కటుంటే అడవిలో బతికేయొచ్చు అనే మాటలు నమ్మకండి. మన పల్లెల్లో పొలం పోయే ఎవరి చేతిలోనైనా ఉండేది వేటుకి పనికొచ్చే సాధనమే, దానికి కారణం ఉంది. ఈ కత్తి దానికి తోడుగానే బాగుంటుంది.

వంట దగ్గర మధ్యస్తం. నా దగ్గర స్వీడన్ కంపెనీ మోరా వాళ్ల కంపానియన్ కూడా ఉంది. స్టెయిన్‌లెస్ బ్లేడు, మందం 2.5 మిల్లీమీటర్లే. ఉల్లిపాయ, బంగాళాదుంప కోసేటప్పుడు అదే హాయి. కమాన్ పట్టీ కత్తి దుంపలో సగం దిగాక కోయడం మానేసి పగలగొడుతుంది. మామిడికాయ కోస్తే ఇంకో గొడవ: పులుపుకి బ్లేడు నల్లబడుతుంది, ముక్కకి ఇనుప రుచి అంటుతుంది. కొన్ని నెలలు వాడాక బ్లేడంతా బూడిద, నీలం కలిసిన రంగుకి తిరిగి ఆ రుచి చాలా మటుకు పోయింది. ఆ రంగు తోమి తీసేయకండి, ఎర్ర తుప్పుని కొంతవరకు ఆపేది అదే.

తుప్పు మాట వచ్చింది కాబట్టి, ఒర గురించి. చెప్పులు కుట్టే ఆయనతో గేదె తోలు ఒర కుట్టించాను. చూడ్డానికి బ్రహ్మాండం. వానలో ఒకసారి తడిసిందంటే లోపలి చెమ్మ రెండు రోజులకీ ఆరదు, కత్తి అందులోనే ఉంటే తుప్పు చుక్కలు ఖాయం. అందుకని వానాకాలానికి పీవీసీ పైపు ముక్కని వేడి చేసి, కత్తి చుట్టూ అదిమి, ఇంకో ఒర చేసుకున్నాను. అందంగా ఏం లేదు. కింద చిన్న రంధ్రం పెట్టాను, నీళ్లు పోతాయి, ఏ బాధా లేదు. నూనెల్లో వంట నూనె కొన్నాళ్లకి జిగట కట్టింది. కుట్టుమిషన్ నూనె తుప్పుకి మంచిదే గానీ, తినేవాటిని కోసే కత్తికి రాయబుద్ధి కాలేదు. ఆముదం పల్చగా రాసి తుడిస్తే రెండిటికీ సరిపోయింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది పిడి. పెద్దాయన వేసిన తుమ్మ చెక్క సరిగా ఆరలేదు. ఏప్రిల్, మే ఎండలకి అది కుంచించుకుపోయి, చుట్టూ ఉక్కు అంచు బయటికి పొడుచుకొచ్చింది. అర మిల్లీమీటరే కావచ్చు, కాసేపు చెక్కితే అరచేయి మంట. ఇత్తడి మేకులు తీసి, నిండా ఆరిన చెక్క తెచ్చి, అరల్డైట్ పెట్టి మళ్లీ బిగించి, అవిసె నూనె పట్టించాను. ఇది కమ్మరి పని కాదు, వడ్రంగి పని. చేయించుకునేవాళ్లు బ్లేడు ఒకరి దగ్గర, పిడి ఇంకొకరి దగ్గర చేయించుకుంటే మేలు.

నూరుకోవడం తేలిక. వాలు మొత్తాన్ని రాయి మీద ఆనించి రుద్దితే కోణం దానంతటదే కుదురుతుంది. తర్వాత పాత తోలు బెల్టు మీద నాలుగు లాగులు. వీధుల్లో సైకిల్ మీద చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లకి మాత్రం ఇవ్వొద్దు. వంటింటి కత్తులకి వాళ్ల పని చాలు. చక్రం వేడికి అంచు నీలంగా మారితే, కొలిమి దగ్గర సంపాదించిన గట్టిదనం అక్కడికక్కడే పోతుంది.

ఆన్‌లైన్‌లో గీతలు గీతలుగా మెరిసే "డమాస్కస్" కత్తులు చూసి, ఇదెందుకు చేయించావని ఒక స్నేహితుడు అడిగాడు. అవి ఎక్కువగా రెండు రకాల ఉక్కుని పొరలు పొరలుగా అతికి, ఆమ్లంతో గీతలు తేల్చినవి. పేరు తెచ్చిన పాత డమాస్కస్ కత్తుల ఉక్కు మూసల్లో కరిగించి తీసింది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో అలాంటి ఉక్కు తయారయ్యేది, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లేవారు. ఆ విద్య వేరు, ఈ మెరుపు వేరు. నా కత్తి రెండూ కాదు, లారీ సామాను. గీతలకి డబ్బులు పెట్టే ముందు వాలు ఎంతుందో, మందం ఎంతుందో అడగండి. చాలామంది అమ్మేవాళ్లు చెప్పలేరు.

వెంట పెట్టుకుని తిరగడం గురించి కూడా కాస్త. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాలకి మించి పొడవు గానీ, 2 అంగుళాలకి మించి వెడల్పు గానీ ఉన్న బ్లేడ్లని విడిగా పేర్కొన్నారు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. ఇది ఆ కొలతల్లోకి రాదు, అలాగని నడుముకి కట్టుకుని బజార్లో తిరిగే వస్తువూ కాదు. విమానంలో క్యాబిన్ బ్యాగులో కుదరదు. అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడం, నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. నా వాడకమంతా తెలిసినవాళ్ల తోటల్లో, క్యాంపింగుకి అద్దెకిచ్చే పొలాల్లో, కిందపడిన కొమ్మల మీదే.

రెండోది కూడా ఆ పెద్దాయన దగ్గరే చెప్పాను. ఈసారి 3 మిల్లీమీటర్లు, వాలు 8 మిల్లీమీటర్లే ఉంచమన్నాను. మందం తగ్గింది కాబట్టి కోణం మొదట్లోనే 21, 22 డిగ్రీల దగ్గర పడుతుంది, గ్రైండర్ తిప్పలు ఉండవు. పిడి నేనే వేసుకుంటానన్నాను. "గంత సన్నగనా?" అని ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నాడు. కర్రుల పని అయిపోయాకే మొదలుపెడతాడట.