డాక్టర్ హూ: 1963 నుంచా, 2005 నుంచా, 2010 నుంచా?

డాక్టర్ హూ చూడాలని ఉన్నా, దాని వయసు చూసి చాలామంది వెనకాడతారు. బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలై, 1989లో ఆగి, 2005లో మళ్లీ వచ్చిన ధారావాహిక మరి. సంక్రాంతికి భీమవరం, అమలాపురం వచ్చే కాలేజీ పిల్లలు అడిగేదీ ఇదే: మొదటి నుంచి చూడకపోతే అర్థమవుతుందా? నిక్షేపంగా అవుతుంది. గోదావరి స్నానానికి త్ర్యంబకం దాకా వెళ్లాలా? నరసాపురం రేవులో మునిగినా గోదావరే. పైగా ఇందులో డాక్టర్ కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి; ప్రాణాల మీదికి వస్తే కొత్త ముఖంతో, కొత్త స్వభావంతో మళ్లీ లేస్తాడు. నటుడు మారినప్పుడల్లా కథ కొత్తవారికి అందేలా మొదలవుతుంది.

పాత నలుపు తెలుపు కథలంటే నాకు గౌరవం. విలియం హార్ట్‌నెల్ నటించిన తొలి భాగం ఈనాటికీ పట్టు సడలలేదు. కానీ ఆ వెంటనే మూడు భాగాలు ఆదిమానవుల గుహలో, నిప్పు ఎవరు పుట్టిస్తారన్న తగువుతోనే గడుస్తాయి. అప్పట్లో బీబీసీ పాత టేపులు చెరిపేయడంతో 1960ల నాటి భాగాలు 90కి పైగా దొరకడం లేదు. వరుసగా చూద్దామన్నా వరుస లేదు. డాక్టర్ మీద ఇష్టం కుదిరాక వెనక్కి వెళ్లండి.

నా ఓటు 2005కే. రోజ్ అనే అమ్మాయి లండన్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం మూసే వేళ నేలమాళిగలోకి వెళితే, అక్కడి ప్లాస్టిక్ బొమ్మలు ఒక్కొక్కటే కదిలి ఆమెను గోడ దాకా తరుముతాయి. ఒక చేయి వచ్చి ఆమె చేయి పట్టుకుంటుంది: ‘పరుగెత్తు!’ డాక్టర్ పరిచయం అంతే. అమలాపురంలో అద్దాల వెనక చీర కట్టుకుని నిలబడ్డ బొమ్మలను రోజూ చూసేవారికి ఆ భయం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. డాక్టర్ ఎవరో, పోలీసు పెట్టెలా కనిపించే ఆయన కాలయంత్రం లోపల అంత విశాలంగా ఎందుకుందో రోజ్‌తో పాటే మనమూ తెలుసుకుంటాం. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, నిజమే. డాక్టర్‌గా నటించిన క్రిస్టొఫర్ ఎకిల్‌స్టన్ కళ్లలోని దుఃఖం పాతబడలేదు.

ఇంట్లో చిన్నపిల్లలు కూడా కూర్చుంటే 2010 మేలు. మ్యాట్ స్మిత్ డాక్టర్‌గా వచ్చిన తొలి కథ అది. అర్ధరాత్రి ఒక చిన్నారి పెరట్లో కూలిన పెట్టెలోంచి ఆయన బయటికొస్తాడు. ఆ పాప ఏం పెట్టినా ఉమ్మేసి, చివరికి చేప ముక్కలు కస్టర్డ్‌లో ముంచుకుని తృప్తిగా తింటాడు. ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్లి, పన్నెండేళ్లకు తిరిగొస్తాడు. పిల్లలు నవ్వుతారు, పెద్దలకు గుండె పట్టేస్తుంది.

2007 నాటి ‘బ్లింక్’ అనే భాగం ఒక్కటి చూస్తే చాలనే వాళ్లున్నారు. కథ అద్భుతమే, అయితే అందులో డాక్టర్ కనిపించేదే కాసేపు. మొదటి పరిచయానికి అది సరిపోదు.

ఉచ్చారణ వేగం ఎక్కువ కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 2005 సిరీస్ ఆరో భాగంలో, భూగర్భంలో గొలుసులతో బంధించిన ఒంటరి డాలెక్ (లోహ కవచంలో ఉండే ఆయన పాత శత్రుజాతి జీవి) ఎదుట డాక్టర్ నిలబడతాడు. అంతవరకూ చూడండి. అదీ మిమ్మల్ని కదిలించకపోతే, నిస్సంకోచంగా మానేయండి.