పొగ మానిపించే క్లినిక్‌లో పుదీనా వాసన

ముందే చెప్పేస్తాను: ఈ క్లినిక్ పుణ్యమా అని సిగరెట్ మానాను. ఈ రోజుకు 94 రోజులు. అయినా ఐదు నక్షత్రాలు ఇవ్వడం లేదు, మూడున్నర దగ్గర ఆగాను. మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి.

నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల రాతల్లో తప్పులు పట్టుకుని 28 ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. ఆ 28 ఏళ్ళూ రోజుకు ఒక పెట్టె కాల్చాను. ఇప్పుడు నాకు 50. ఒక పెద్ద ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు నడిచే విభాగం ఇది. పేరు రాయను. అక్కడివాళ్ళను రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు.

మొదటి రోజు ఆరు ప్రశ్నల పరీక్ష పెట్టారు. "నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి?" అన్నది అందులో అసలు ప్రశ్న. ఐదు నిమిషాల్లోపే అన్నాను. మొత్తం పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. లెక్కల్లో ఎన్నడూ రానన్ని మార్కులు. తర్వాత ఒక చిన్న పరికరంలోకి ఊదించారు. ఊపిరి బిగబట్టి, పదిహేను సెకన్లు ఆగి, నెమ్మదిగా వదిలితే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో అంకె కనిపిస్తుంది. పొగ తాగనివాళ్ళకు మామూలుగా ఆరు దాటదట. నాకు 27.

వైద్యం విషయంలో వంక పెట్టడానికి లేదు. నికోటిన్ గమ్ నాకు కొత్త కాదు. ఒకప్పుడు సొంతంగా కొని, మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలి, ఎక్కిళ్ళు తెచ్చుకుని పారేశాను. దాన్ని అలా నమలకూడదని ఇక్కడే తెలిసింది. నాలుగైదు సార్లు కొరికి, నాలుక చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి ఊరుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ కొరకాలి. నికోటిన్ నోటి లోపలి పొర గుండా ఒంట్లోకి చేరాలి. మింగితే కడుపులో మంటే మిగులుతుంది. కాఫీ తాగాక పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు, నోట్లో పులుపు ఉంటే మందు ఎక్కదు. ఇదంతా డాక్టర్ గారు తన చెంపను వేలితో చూపిస్తూ, రెండుసార్లు చెప్పారు. దానితో పాటు రోజంతా ఒంటిమీద ఉండే 21 మిల్లీగ్రాముల నికోటిన్ పట్టీ.

ఆ పట్టీ ఎలా అంటించుకోవాలో చూపించడానికి ఆయన నా భుజం మీదికి వంగారు. అప్పుడు తగిలింది వాసన. పైన పుదీనా బిళ్ళ, దాని అడుగున నేను నిద్రలో కూడా గుర్తుపట్టగల వాసన. చూపుడు వేలు పక్కన పసుపు మరక. ప్రూఫుల పని నేర్పిన పాడు అలవాటు, ఒక తప్పు కంటబడితే ఇక పేజీలో మిగతాది కనబడదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటారే, ఆ బల్లి తెల్లకోటు వేసుకుని నా ఎదురుగా నిలబడింది.

బయటికి వచ్చి వెనుక మెట్ల మీద ఒకటి వెలిగించాను. అన్నీ తెలిసిన ఆయనకే సాధ్యం కానిది నాకెలా అవుతుంది? తాగేవాడికి సాకు దొరకడమే ఆలస్యం. అక్కడ నాకంటే ముందే ముగ్గురు ఉన్నారు, ముగ్గురి మెడలోనూ ఆసుపత్రి గుర్తింపు కార్డులు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆయనే ఒక సంగతి చెప్పారు. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్ డాక్టర్లకు ఉత్తరాలు రాసి వాళ్ళ పొగ అలవాట్లు అడిగారు. 40 వేలకు పైగా జవాబులు వచ్చాయి. తర్వాత ఎవరు ఎప్పుడు పోయారో లెక్క రాస్తూ వచ్చారు. 2004లో వచ్చిన 50 ఏళ్ళ ఫలితాల ప్రకారం, మానకుండా తాగినవాళ్ళు సగటున పదేళ్ళు ముందే పోయారు. 50 ఏళ్ళ వయసులో మానినవాళ్ళు సుమారు ఆరేళ్ళు దక్కించుకున్నారు. "మీ వయసే కదా, ఆరేళ్ళు" అన్నారు. ఆ మాట సూటిగా తగిలింది. ఆయన చెప్పనిది తర్వాత నేనే చదివాను: ఆ ఉత్తరాలకు ముందు, పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద చేసిన పరిశోధన పూర్తి కాకముందే డాల్ తన సిగరెట్లు మానేశారు.

నిజానికి నన్ను గట్టెక్కించింది సిస్టర్. మూడో రోజు చేతులు వణుకుతూ ఫోను చేశాను. "ఈ రెండు మూడు రోజులే మరీ కష్టమండీ. నాకూ తెలుసు, నేను మానడం ఇది నాలుగోసారి. రాత్రి డ్యూటీలో మూడు గంటలప్పుడు ప్రాణం లాగేస్తుంది. అప్పుడు వెళ్ళి మోచేతుల దాకా చన్నీళ్ళతో కడుక్కుంటాను" అన్నారు. నేనూ వెళ్ళి కడుక్కున్నాను. ఆమె మూడుసార్లు ఓడిపోయారని విన్నాక నాకు ధైర్యం తగ్గలేదు, పెరిగింది. అంటే నాకు మచ్చలేని మనిషి అక్కర్లేదు, పుదీనా బిళ్ళతోనే నా పేచీ.

పొగ తాగేవాళ్ళకు ఆసుపత్రి ఉద్యోగం ఇవ్వకూడదన్న వాదన నాకు రుచించదు. ఇంట్లో ఆయన ఏం చేసుకుంటారో నాకు అనవసరం. కోటుతో, కార్డుతో, రోగి కంటబడేలా వద్దు, అంతే. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో వైద్య వృత్తి సంఘాలకు రూపొందిన నియమావళిలో, సభ్యులు పొగాకు ముట్టకుండా ఆదర్శంగా ఉండేలా ప్రోత్సహించాలనే కాదు, తోడ్పడాలని కూడా ఉంది. రెండో మాట ఇక్కడ ఎవరికీ కనబడినట్టు లేదు. ఈ క్లినిక్ వేళలు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు. అది సిబ్బందికి ఊపిరి సలపని సమయం. రాత్రంతా మేలుకున్న సిస్టర్ తన కోసం ఎప్పుడు రావాలి?

నాలుగోసారి ఊదినప్పుడు నాకు మూడు వచ్చింది. ఆ సంబరంలో నోరు జారాను: "డాక్టర్ గారూ, మీరూ ఒకసారి ఊదరాదా?" సిస్టర్ చేతిలోని కాగితాల్లోకి తల దించుకున్నారు. ఆయన కాసేపు నన్ను చూసి, గొట్టం మార్చి, పదిహేను సెకన్లు బిగబట్టి ఊదారు. 19. ఏమీ అనకుండా నా తర్వాతి తేదీ రాసిచ్చారు.

ఐదోసారి వెళ్ళేసరికి పుదీనా వాసన లేదు. రెండో వాసన ఉంది. మూడు ఇద్దామనుకున్నది మూడున్నర చేసింది అందుకే.

వెళ్ళదలచినవాళ్ళకు రెండు మాటలు. గమ్ ఎలా వాడాలో మళ్ళీ చూపించమని అడగండి, విసుక్కోరు. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం లిఫ్టులో దిగండి, వెనుక మెట్ల వైపు పోకండి.