దంపతుల కౌన్సెలింగ్: 8 వారాల అనుభవం

మాటలు తగ్గి, స్పర్శ కూడా ఒక అలవాటుగా మిగిలిపోయిన దశలో మేమిద్దరం 8 వారాల పాటు ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సేవను వినియోగించుకున్నాము. అందులో మాకు నిజంగా ఉపకరించినది, అమెరికాకు చెందిన లైంగిక విషయాల పరిశోధకులు విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ రూపొందించి 1970లో వివరించిన స్పర్శాభ్యాసం: తొలి దశలో సంభోగాన్ని పూర్తిగా పక్కనపెట్టి, జననాంగాలను తాకకుండా, ఒకరి తరువాత ఒకరు కేవలం స్పర్శానుభూతినే గమనించడం ఇందులోని పద్ధతి. మొదటి రాత్రి నవ్వు ఆపుకోలేకపోయాము, అది వేరే సంగతి. ఏదో సాధించి తీరాలన్న ఒత్తిడి తొలగడంతో, ఏది హాయిగా ఉందో, ఏది ఇబ్బందిగా ఉందో ఇన్నేళ్లలో తొలిసారి పైకి చెప్పుకోగలిగాము. "ఈ రోజు వద్దు" అన్న మాటను తిరస్కారంగా భావించకుండా వినడమూ అక్కడే నేర్చుకున్నాము. కౌన్సెలర్ ఎవరి పక్షమూ వహించలేదు. వారం వారం పంపే ప్రశ్నావళి మాత్రం యాంత్రికంగా ఉండడంతో, మూడో వారానికే దానిని నింపడం మానేశాము.