ఇంటి దారికి కంకర: కర్నూలులో రెండుసార్లు తెప్పించిన అనుభవం

కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు మేము కట్టుకున్న ఇంట్లో గేటు నుంచి కారు షెడ్డు దాకా 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల దారి ఉంది. పడిన వాన నీరు మా ఆవరణలోనే ఇంకాలన్న కోరికతో దానికి సిమెంటు వేయించకుండా కంకరతోనే ఉంచాలని మొదటి నుంచీ అనుకున్నాము. ఈ ఒక్క పనికి రెండేళ్లలో రెండు చోట్ల నుంచి కంకర తెప్పించవలసి వచ్చింది. మొదటిసారి ఊళ్లోని ఒక సరఫరాదారుకు ఫోన్ చేసి చెప్పాను. రెండోసారి నేనే కంకర మిషన్ దాకా వెళ్లి, రాశులు చూసి, బిల్లు మీద రాయించుకొని తెచ్చుకున్నాను. ఆ రెండింటికీ ఉన్న తేడా వల్లనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి ఆర్డరులో తప్పు సగం నాది. "దారికి కంకర కావాలి, రెండు ట్రాక్టర్లు పంపండి" అని మాత్రమే చెప్పాను. ఎంత సైజు, కింద నేల ఎలాంటిది, పైన కారు తిరుగుతుందా అని అవతలివారు ఒక్క మాట కూడా అడగలేదు. ట్రాలీకి ఒక యూనిట్, అంటే 100 ఘనపుటడుగులు ఉంటుందని చెప్పి ఆ లెక్కనే డబ్బు తీసుకున్నారు. రెండో ట్రాలీ ఖాళీ చేశాక అనుమానం వచ్చి టేపు పెట్టి కొలిచాను. లోపలి పొడవు తొమ్మిదిన్నర అడుగులు, వెడల్పు ఐదున్నర, పలక ఎత్తు ఒకటిన్నర. గుణిస్తే 78 ఘనపుటడుగులే వచ్చింది. రెండు ట్రాలీలకు కలిపి 43 ఘనపుటడుగులు తక్కువ ఇచ్చారన్నమాట. అడిగితే "అందరికీ ఇదే ట్రాలీ సార్" అన్నారు తప్ప డబ్బు తగ్గించలేదు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. ఇల్లు కట్టుకునే మనిషి ప్రతి లోడులోనూ ఇలాగే ఐదో వంతు పోగొట్టుకుంటే చివరికి ఎంత అవుతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

అసలు నష్టం వానలకు తెలిసింది. మా స్థలం నల్లరేగడి. ఆ మన్ను నీళ్లు తాగితే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే బీటలు తీసి కుంగుతుంది. దాని మీద నేరుగా కంకర పరిచి, అందం కోసం పైన గులకరాళ్లు చల్లించాను. జడివాన పట్టిన నాలుగు రోజులకే కారు చక్రాల కింద రెండు గాళ్లు పడ్డాయి. రాళ్లు కిందికి దిగిపోయి, బంక మన్ను పైకి తేలింది. గులకరాళ్లు చక్రాల తాకిడికి పక్కలకు చెదిరిపోయాయి. గుండ్రని రాయి దేనినీ పట్టుకొని నిలవదు. బరువు పడగానే దొర్లుతుంది. మిషన్‌లో పగిలిన రాయికి అంచులు, మూలలు ఉంటాయి కనుక ఒకదానిలో ఒకటి ఇరుక్కొని బిగుస్తుంది. వాహనం తిరిగే చోట పగిలిన కంకరే వాడాలి. గులకరాళ్లు మొక్కల మొదళ్ల చుట్టూ, చూరు నీళ్లు పడే చోట బాగుంటాయి.

రెండో ఆర్డరుకు ముందు మాటలు సరిచేసుకున్నాను. మన వైపు "గ్రావెల్" అని అడిగితే చాలామంది ఎర్ర మొరం అనుకుంటారు. పగిలిన రాయి కావాలంటే "కంకర" అని సైజుతో సహా చెప్పాలి. 40 ఎం.ఎం. అంటే ఒకటిన్నర అంగుళం రాయి, 20 ఎం.ఎం. అంటే ముప్పావు అంగుళం. అంతకంటే చిన్నవాటిని చిప్స్ అంటారు, చివరికి మిగిలే రాతిపొడి డస్ట్. నేను వెళ్లిన కంకర మిషన్ దగ్గర ఇవన్నీ వేరువేరు రాశులుగా ఉన్నాయి. అక్కడి మేనేజరు ఓపికగా ప్రతి రాశి దగ్గరికీ తీసుకువెళ్లి చూపించారు. 20 ఎం.ఎం. రాశిలో పైపైన కాకుండా చేయి లోపలికి పెట్టి రెండు దోసిళ్లు తీసుకొని చూశాను. ముక్కలు దాదాపు నలుచదరంగా, కొస తేలి ఉన్నాయి. బిళ్లల్లా పలచగా ఉన్నవి నాలుగైదుకు మించి లేవు. పలచని ముక్క చక్రం కింద విరిగిపోతుంది కాబట్టి అవి ఎక్కువైతే ఆ రాశి వద్దనాలి. ఆ రెండు దోసిళ్లనూ అక్కడే బకెట్టు నీళ్లలో కడిగితే నీళ్లు కొద్దిగా బూడిద రంగు తిరిగాయి, అంతే. మొదటిసారి వచ్చిన సరుకును ఇంట్లో అలాగే కడిగినప్పుడు బకెట్టు అడుగున వేలెడు మందం బురద పేరింది.

కొలత ఇలా వేసుకున్నాను. నేలను ఒక అడుగు లోతు తవ్వి నల్లమన్ను తీసివేయించాను. 400 చదరపు అడుగుల మీద అడుగున 6 అంగుళాల మొరానికి 200 ఘనపుటడుగులు, దాని మీద 4 అంగుళాల 40 ఎం.ఎం. కంకరకు 133, పైన 2 అంగుళాల 20 ఎం.ఎం. కంకరకు 67 అవసరమవుతాయి. దిమ్మిసతో కొట్టి, రోలరు తిప్పితే మందం తగ్గుతుంది కనుక ప్రతిదానికీ ఐదో వంతు కలిపి 240, 160, 80 చొప్పున చెప్పాను. 40 ఎం.ఎం. రాళ్ల సందులు నింపడానికి డస్ట్ వేరుగా తెప్పించాను. ఈసారి కంకరకు ట్రాలీ లెక్క ఒప్పుకోకుండా వేబ్రిడ్జి కాటా మీదనే కొన్నాను. పొడి కంకర ఘనపుటడుగు సుమారు 42 నుంచి 45 కిలోలు తూగుతుంది, కాబట్టి 160 ఘనపుటడుగులంటే దాదాపు 7 టన్నులు. ఖాళీ బండి తూకం, లోడు బండి తూకం రెండు చీటీలూ ఇచ్చారు. బిల్లులో సైజు, బరువు, 5 శాతం జీఎస్టీ విడివిడిగా రాశారు. ఒక్క జాగ్రత్త చెప్పాలి: తడిసిన డస్ట్‌ను తూకం మీద కొంటే నీళ్లకు డబ్బు కట్టినట్టే, అందుకే దానిని ఎండు రోజుల్లోనే తెప్పించుకోవాలి.

నల్లమన్నుకూ మొరానికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపించాను. కొందరు ప్లాస్టిక్ పట్టా చాలన్నారు గానీ, పట్టా నీటిని కిందికి పోనివ్వదు. గుడ్డ అయితే నీటిని వదిలి మన్నును ఆపుతుంది. రెండు అంచులకూ కడప బండలను తొమ్మిది అంగుళాల వెడల్పున కోయించి నిలువుగా పాతించాము. ఈ అంచు లేకపోతే పై కంకర ఏడాదిలో తోటలోకి పాకిపోతుంది. వెడల్పులో మూడు అంగుళాల వాలు ఇచ్చి, నీళ్లు ఇంకుడు గుంత వైపు వెళ్లేలా చేశాము.

ఏ రాయి కంకర అన్న ప్రశ్న కూడా మన ప్రాంతంలో ముఖ్యమే. 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లిన బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాయి విస్తారం. దాని పొడి తడిసి గట్టిగా పేరుకుంటుంది కనుక అడుగు పొరకు మంచిదే. పై పొరకు మాత్రం గ్రానైటు జాతి గట్టి రాయినే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే సున్నపురాయి చక్రాల కింద అరిగి తెల్లని దుమ్ము లేపుతుంది, ఆ దుమ్ము చెప్పులతో ఇంట్లోకి వస్తుంది. తోట కోసం సంచుల్లో అమ్మే తెల్లని గులకరాళ్లు ఒక మూల వేయించాము. మే నెల మధ్యాహ్నం వాటి మెరుపుకు కళ్లు తెరవలేకపోయాము. పొద్దుటెండ మాత్రమే తగిలే తూర్పు వైపుకు వాటిని మార్చాక బాగుంది.

రెండో చోట నాకు నచ్చనిది ఒకటే. పగలు వస్తుందన్న టిప్పరు రాత్రి పదిన్నరకు వచ్చింది. డ్రైవరు "ఈడనే పోస్తా సార్, లోపలికి బండి రాదు" అని వీధిలోనే కుమ్మరించి వెళ్లాడు. పొరుగువారి బండ్లకు దారి లేకపోయింది. తెల్లవారుజామునే ఇద్దరు కూలీలను పెట్టి తట్టలతో లోపలికి మోయించాను, ఆ ఖర్చు నా మీదనే పడింది. గేటు వెడల్పు, వీధి వెడల్పు ముందే చెప్పి చిన్న బండి అడిగి ఉంటే సరిపోయేది. అలా అడగాలని గుర్తు చేయడం సరఫరా చేసేవారి బాధ్యత కూడా.

ఈ దారి మీదుగా ఒక వానాకాలం పూర్తిగా గడిచింది. గాడి పడలేదు, బురద తేలలేదు, గంటసేపు కుండపోతగా కురిసిన రోజు కూడా నీళ్లు నిలవలేదు. అంచుల దగ్గర రెండు చోట్ల తుంగ మొలిచింది, వేరుతో తీసివేశాను. చక్రాలు తిరిగే చోట పై కంకర ఒక అరంగుళం పలచబడింది. పండుగ తర్వాత అదే కంకర మిషన్ నుంచి 20 ఎం.ఎం. కంకర ఒక టన్ను, ట్రాక్టరులో, పగటిపూట తెప్పించుకుంటాను.