టూ ఎక్స్‌లో అమ్మ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

వాట్సాప్ గురించి కొత్తగా చెప్పేదేముంది. నేను రాసేది అందులోని మైకు బొమ్మ గురించే. డల్లాస్ వచ్చి ఎనిమిదేళ్లు. తెనాలిలో ఉన్న అమ్మతో నా మాటలన్నీ ఆ మైకు మీదే నడుస్తున్నాయి.

అమ్మకు టైపు చేయడం రాదు. ఫోన్ చేద్దామంటే చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ఆదివారాలు వీడియో కాల్ ఉంటుంది కానీ అందులో కనబడేది అమ్మ నుదురూ, పైన తిరిగే ఫ్యానూ. 2013లో వచ్చిన ఈ వాయిస్ మెసేజ్ మా ఇద్దరి కోసమే పెట్టారేమో అనిపించేది. ఫోన్‌ను అప్పడంలా నోటికి అడ్డంగా పట్టుకుని మొదలుపెడుతుంది. మధ్యలో కుక్కర్ విజిల్, కాకులు. "ఉండు నాన్నా, పాలబ్బాయి వచ్చాడు" అని ఫోన్ పట్టుకునే వాకిట్లోకి వెళ్తుంది. పాలు పలచగా ఉన్నాయన్న పంచాయితీ మొత్తం నాకు చేరుతుంది.

2021లో స్పీడు పెంచుకునే బటన్ వచ్చింది. ఆరు నిమిషాల అమ్మ మూడు నిమిషాల్లో అయిపోయేది. గిన్నెలు తోముతూ, కారు పార్క్ చేస్తూ టూ ఎక్స్‌లో, అంటే రెట్టింపు స్పీడులో వినేసేవాణ్ణి. ఇంతకంటే మంచి సదుపాయం లేదని ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా.

మొన్న డిసెంబరులో ఇంటికి వెళ్లాను. పొద్దున్నే వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పిన్ని కూతురి పెళ్లిచూపుల సంగతి చెబుతోంది. "వాళ్లొచ్చారా..." అని ఆగింది. కథ రక్తి కట్టించడానికి అనుకున్నాను. చేతిలో కాయ అలాగే ఉంది. ఊపిరి తీసుకుని "వచ్చి కూర్చున్నారు" అంది. మళ్లీ ఆగింది.

"ఎప్పట్నుంచమ్మా ఈ ఆయాసం?"

"దసరా ముందు నుంచీ ఉందిరా. వయసు కదా. నీతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాగా!"

పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. మాత్రలు వాడుతోంది, ఇప్పుడు నయం. ఆ రాత్రి అక్టోబరు మెసేజ్‌లు తీసి మామూలు స్పీడులో పెట్టాను. రెండు మాటలు, ఊపిరి. మళ్లీ రెండు మాటలు, ఊపిరి. టూ ఎక్స్‌లో ఆ ఖాళీలు మూసుకుపోయి అమ్మ భలే హుషారుగా వినిపించింది నాకు. విన్నట్టు గుర్తుగా మైకు నీలం రంగులోకి మారి ఉంది, అన్నింటికీ.

తప్పు బటన్‌ది కాదు, నాది. అయినా మునుపటిలా ఐదు చుక్కల రేటింగ్ ఇవ్వలేను. ఊళ్లోనే ఉండి సాయంత్రం వెళ్లి ఎదురుగా కూర్చోగలిగే వాళ్లకు దీనితో పెద్ద పని ఉండదు. రెండేళ్లకోసారి టికెట్ కొనే నాలాంటి వాళ్లకు ఇది కూడా లేకపోతే కష్టం. మా మేనేజర్ మెసేజ్‌లు ఇప్పటికీ టూ ఎక్స్‌లోనే వింటాను. అమ్మవి మాత్రం మామూలు స్పీడులో. నిన్నటిది ఏడు నిమిషాలు, అందులో నాలుగు పాలబ్బాయితోనే.