మంకీపాక్స్ వార్త: రెండు రాతలు

2022 జూలైలో కేరళలో దేశపు తొలి మంకీపాక్స్ కేసు తేలింది. ఇలాంటి కబురు రెండు రకాలుగా రాయొచ్చు.

ఒకటి, ‘గేల రోగం వచ్చేసింది’ అని పెద్దక్షరాల్లో వేసి, పక్కన స్వలింగ ప్రేమికుల ప్రైడ్ ఊరేగింపు ఫొటో అతికించడం. జనం ఆగి చదువుతారు, కాదనను. కానీ విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ పేపరు తిరగేసే పెళ్లైన మగాడు ‘మనకెందుకులే’ అని పేజీ తిప్పేస్తాడు. తాను గే అన్న సంగతి ఇంట్లో చెప్పుకోలేని కుర్రాడేమో పొక్కులొచ్చినా పెద్దాసుపత్రి గుమ్మం తొక్కడు. ఓపీ చీటీ రాసేచోట, వెనకున్న వరసంతా వినేలా ‘ఏటైందిరా?’ అని అడిగితే ఏం చెబుతాడు? స్వలింగ సంబంధం నేరం కాదంటూ సెక్షన్ 377పై 2018లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఆ వరస దాకా రాలేదు. 1982లో అమెరికాలో ఎయిడ్స్‌కీ మొదట ‘గే’ అన్న మాట తగిలించారు. పేరు ఆ ఏడాదే మారింది, మచ్చ మాత్రం మిగిలింది.

రెండోది, ఎలా అంటుతుందో రాయడం: పొక్కులున్నవాళ్ల ఒళ్లు తగిలితే, వాళ్ల దుప్పటీ తువ్వాలూ వాడితే. నా ఓటు దీనికే. అయితే మర్యాద పేరుతో, ఆ ఏడాది విదేశాల్లో ఎక్కువ కేసులు మగవాళ్లతో లైంగికంగా కలిసే మగవాళ్లలోనే వచ్చాయన్న నిజాన్ని దాచకూడదు. అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది వాళ్లే కదా. ఆ వాక్యం వార్త లోపల ఉండాలి, శీర్షికలో కాదు.