జాగ్రత్త: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఎస్ఎస్‌డీ పనిచేయకపోతే వెంటనే ఫ్లాష్ చేయించకండి

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు ప్రాంతాల్లో కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ (ఫైళ్లను చిప్పుల్లో దాచే డిస్కు) వేయించుకున్నవారు, వేయించుకోబోతున్నవారు ఈ విషయాన్ని గమనించవలసిందిగా కోరుతున్నాను. ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసిన తర్వాత డ్రైవ్ మొరాయించి, అందులోని డేటా మీకు అవసరమై ఉంటే, "ఫ్లాష్ చేసి ఇస్తాం" అన్నవారి చేతికి దాన్ని ఇవ్వకండి. ఫ్లాష్ చేస్తే, అంటే ఫర్మ్‌వేర్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కిస్తే, డ్రైవ్ మళ్లీ పనిచేస్తుంది కానీ డేటా పోతుంది. ఈ రెండో సంగతి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

నేను చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. ఆఫీసు కంప్యూటర్‌కు ఒంగోలులోని ఒక షాపులో 480 జీబీ సాటా (కేబులుతో తగిలించే రకం) ఎస్ఎస్‌డీ కొన్నాము. కొంతకాలానికి టాలీ తెరిచినప్పుడల్లా కంప్యూటర్ బిగుసుకుపోవడం మొదలైంది. వారంటీ ఉన్నందున షాపుకు చెబితే, వారు పంపిన కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ఫైలుతో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాడు. రీస్టార్ట్ చేయగానే విండోస్ రాలేదు. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే కంప్యూటర్ సెటప్ తెర) వెళ్లి చూస్తే, డ్రైవ్ కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉండవలసిన చోట "సాటాఫర్మ్ ఎస్11" అని కనిపించింది. "ఏం కాదు సార్, షాపుకు తీసుకెళ్లి ఒకసారి ఫ్లాష్ కొడితే కొత్తదానిలా వచ్చేస్తుంది" అన్నాడు. డేటా కావాలని అతనికీ, ఫోనులో షాపు యజమానికీ స్పష్టంగా చెప్పాము. అయినా డ్రైవ్ ఖాళీగా తిరిగి వచ్చింది.

టాలీ డేటాకు బ్యాకప్ ఉంది. దాఖలు చేసిన రిటర్నులు జీఎస్టీ పోర్టల్‌లోనే ఉంటాయి కాబట్టి బిల్లులను మళ్లీ కూర్చుకోగలిగాము. ఎగుమతికి సిద్ధం చేసిన బ్లాకుల కొలతల పట్టీల్లో మాత్రం చివరి బ్యాకప్ తర్వాత ఎక్కించినవన్నీ పోయాయి. ఒక్కో బ్లాకు పొడవు, వెడల్పు, ఎత్తు, తగ్గింపు పోగా తేలిన ఘనపు మీటర్లు, కొనుగోలుదారు వేసిన గుర్తు అన్నీ అందులోనే ఉండేవి. యార్డులో మిగిలిన బ్లాకులను మళ్లీ కొలవవచ్చు గాని, అప్పటికే కృష్ణపట్నం రేవుకు వెళ్లిపోయినవాటిని ఎవరు కొలవగలరు?

ఇందులో సాంకేతికంగా జరిగింది ప్రతి కొనుగోలుదారుకూ తెలియాలి. ఎస్ఎస్‌డీలో మన ఫైలు ఒకేచోట ఉండదు. ముక్కలు ముక్కలుగా మెమరీ చిప్పుల నిండా చెదిరి ఉంటుంది, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికను కంట్రోలర్ అనే చిప్పు నిర్వహిస్తూ ఉంటుంది. ఆ చిప్పును నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. అది చెడినప్పుడు లేదా పట్టికను చదవలేకపోయినప్పుడు కొన్ని చవక డ్రైవులు ఇలా మారుపేరుతో, తప్పుడు సామర్థ్యంతో కనిపిస్తాయి. ఆ స్థితిలో చిప్పుల్లోని డేటా చాలావరకు అలాగే ఉండవచ్చు. షాపుల్లో చేసే ఫ్లాషింగ్ మాత్రం పాత పట్టికను తీసివేసి కొత్తది రాస్తుంది. ఆ తర్వాత చిప్పులను ఊడదీసి చదివినా ప్రయోజనం దాదాపు శూన్యం. కాబట్టి డేటా కావాలనుకుంటే, ఫ్లాష్ చేయకముందే డేటా రికవరీ మాత్రమే చేసే ల్యాబుకు పంపాలి. ఖర్చు ఎక్కువే, ఫలితానికి హామీ కూడా ఉండదు. అయినా ఆ అవకాశాన్ని వాడుకోవాలో వద్దో నిర్ణయించుకోవలసింది యజమాని తప్ప షాపువారు కాదు.

అప్‌డేట్ తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందీ ఇంత తీవ్రమైనది కాదు, అందుకే తొందరపడకూడదని చెబుతున్నాను. తెర మీద బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) 48 అంకెల రికవరీ కీ అడిగితే డ్రైవ్ చెడిపోలేదని అర్థం; చాలామందికి ఆ కీ వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది. ఆ సమయంలో ఎవరైనా ఫార్మాట్ చేద్దామంటే ఒప్పుకోకండి. అప్‌డేట్ చేసినది డ్రైవ్‌కు కాక మదర్‌బోర్డు బయోస్‌కు అయితే, సాటా మోడ్ (కంప్యూటర్ డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోయి విండోస్ లేవకపోవచ్చు, మోడ్ తిరిగి మారిస్తే సరిపోతుంది. డ్రైవ్ అసలు కనిపించకపోతే వేరే కేబులు, వేరే పోర్టు మార్చి చూడండి. డేటా కేబులు తీసేసి కేవలం పవర్ మాత్రం ఇచ్చి 20 నిమిషాలు వదిలేసి, అర నిమిషం ఆపి, మళ్లీ అలాగే చేయడమనే పద్ధతిని క్రూషియల్ సంస్థ తన వినియోగదారులకు చాలాకాలంగా సూచిస్తోంది. దానివల్ల డేటా చెరగదు. డ్రైవ్ తెరుచుకుంటుంది గాని ఏదీ రాయనివ్వడం లేదంటే, మరమ్మతు ప్రయత్నాలన్నీ పక్కనపెట్టి ముందు డేటాను ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి.

ఇదంతా చదివి ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లంటేనే భయపడవద్దు. కొన్నిసార్లు అప్‌డేట్ చేయకపోవడమే ప్రమాదం. హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ సర్వర్ డ్రైవుల్లో కొన్ని సరిగ్గా 32,768 గంటలు నడవగానే డేటాతో సహా పనికిరాకుండా పోతాయని 2019 నవంబరులో ఆ సంస్థే ప్రకటించి, కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. శాంసంగ్ 990 ప్రో డ్రైవుల హెల్త్ శాతం (మిగిలిన ఆయుష్షు లెక్క) వేగంగా పడిపోతుంటే 2023 ఫిబ్రవరిలో ఇచ్చిన ఫర్మ్‌వేర్ ఆ పతనాన్ని ఆపింది, అప్పటికే తగ్గిన శాతాన్ని మాత్రం వెనక్కి తేలేదు. అప్‌డేట్ చేయండి, కానీ తయారీ సంస్థ సొంత వెబ్‌సైటు నుంచి, మీ మోడల్‌కు ఇచ్చిన సాధనంతోనే చేయండి. పెన్‌డ్రైవ్‌లో తిరిగే ఫైళ్లను నమ్మకండి. ఒకే పేరుతో అమ్మే చవక డ్రైవుల్లో లోపలి చిప్పులు బ్యాచికొకటిగా మారుతుంటాయి, ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకొకదానికి సరిపడకపోవచ్చు. బ్యాకప్ పూర్తిచేసి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉంచి మొదలుపెట్టండి. వేసవిలో మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము.

కొనేటప్పుడు సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా అడగండి. షాపులోనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ వివరాలు చూపే ప్రోగ్రామ్) తెరిపించి, ఫర్మ్‌వేర్ వెర్షన్, నడిచిన గంటలు, రాసిన డేటా మొత్తం కనిపించేలా ఫొటో తీసుకోండి. కొత్త డ్రైవ్‌లో గంటల లెక్క వందల్లో ఉంటే అది ఎవరో వాడినదే. వారంటీ కేవలం వస్తువుకే ఉంటుంది, డేటాకు ఉండదు. రిపేరుకు ఇచ్చేటప్పుడు "డేటా అవసరం, మా అనుమతి లేకుండా ఫార్మాట్ గాని ఫ్లాష్ గాని చేయరాదు" అని జాబ్ షీటు (షాపువారు రాసే రిపేరు కాగితం) మీద రాయించి సంతకం తీసుకోండి. నోటిమాటగా చెప్పినందువల్లే షాపువారు ఇప్పుడు "మీరు ఆ మాట అనలేదు" అంటున్నారు.

ఇలా నష్టపోయినవారు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వ్యాపారానికి కొన్నదని షాపువారు అభ్యంతరం చెప్పినా, స్వయం ఉపాధితో జీవనం సాగించేవారు తమ పని కోసం కొనుక్కున్న వస్తువులకు చట్టం మినహాయింపు ఇచ్చింది. బిల్లు, జాబ్ షీటు, బయోస్ తెర ఫొటో దగ్గర ఉంచుకోండి. మేము ఆ మూడింటిలో బిల్లుతోనూ, ఫొటోతోనూ ఫిర్యాదు ఇచ్చాము.